ల్యాబ్ నుంచి జర్నల్‌కు: మెదడు మీద పరిశోధన చేసినవాళ్ళు ప్రచురణలోకి ఎందుకు వెళ్తున్నారు?

అనంతపురంలో మా వీధి చివర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. వాళ్ళ అమ్మాయి బెంగళూరులో మెదడు మీద పీహెచ్‌డీ చేసింది. జ్ఞాపకం ఎలా నిలబడుతుందో ఎలుకల్లో చూడటం ఆమె పని. తర్వాత రెండేళ్ళు విదేశంలో పరిశోధన చేసి, ఇప్పుడు ఒక సైన్స్ జర్నల్‌లో ఎడిటర్‌గా చేరింది. "అంత చదువు చదివి పేపరాఫీసులో చేరిందా?" అని బంధువులు అడుగుతున్నారు. మొన్నొక సాయంత్రం మాస్టారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "సార్, జర్నల్ అంటే మనం పొద్దున్నే చదివే పేపర్ కాదని నాకూ తెలుసు. కానీ అందులో మా పాప చేసే పనేంది? అది సైన్సేనా, కాదా?"

ఆయన ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. యూనివర్సిటీల బాగోగులు చూసే యూజీసీ, మంచి జర్నళ్ళ జాబితా అయిన తన కేర్ లిస్ట్‌ను తీసేసింది. జర్నళ్ళకు దేశమంతటికీ కలిపి ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఏ జర్నల్ మంచిదో, దేనికి డబ్బు కట్టాలో తేలక టెన్షన్ పడుతున్నారు. ఏ ఫలితం లోకం ముందుకు రావాలి, దాన్ని ఎవరు పరీక్షించాలి, ఖర్చు ఎవరు భరించాలి అని తేల్చడం కూడా సైన్స్‌లో భాగమేనని నా నమ్మకం. అందుకే కొందరు మంచి న్యూరోసైంటిస్టులు ఆ పనిలోకి దిగారు. వాళ్ళు చేసిన పనులన్నీ మేలే చేశాయని మాత్రం చెప్పలేను.

పేపర్ ఎలా పుడుతుంది, ఎడిటర్ ఎక్కడ వస్తారు

పరిశోధకులు తమ ప్రయోగం, పద్ధతి, ఫలితం వివరంగా రాసిన వ్యాసమే "పేపర్". అలాంటివి ప్రచురించే పత్రిక జర్నల్. లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం కార్యదర్శి 1665లో మొదలుపెట్టిన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ ఇప్పటికీ నడుస్తోంది.

స్కాలరూ గైడూ కలిసి పేపర్ రాసి జర్నల్‌కు పంపుతారు. ఎడిటర్ దాన్ని చదువుతారు. తమ జర్నల్‌కు తగదనుకుంటే అక్కడే తిప్పి పంపుతారు. తగుతుందనుకుంటే అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపి అభిప్రాయం అడుగుతారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. ఇది అనాదిగా ఉందనుకుంటాం గానీ, నేచర్ అంతటి పత్రిక కూడా దీన్ని తప్పనిసరి పద్ధతిగా పెట్టుకున్నది 1973లోనే. రివ్యూయర్లు లోపాలు చెబుతారు. రచయితలు సరిదిద్దుతారు, లేదా వాదిస్తారు. చివరి మాట ఎడిటర్‌ది.

మాస్టారికి నేను బ్రౌన్ దొర సంగతి గుర్తుచేశాను. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టించి, ఎక్కడెక్కడ పాఠం తేడాగా ఉందో చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలు అలా వడపోతకు నిలిచే అచ్చుకెక్కాయి. జర్నల్ ఎడిటర్ పని కూడా అలాంటిదే. ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే ఆ విషయం లోతుగా తెలిసి ఉండాలి. ఎలుక మెదడులో కరెంటు సంకేతాలు తన చేత్తో రికార్డు చేసిన మనిషికి, గ్రాఫ్ చూడగానే ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది.

ఒక్క తేడా ఉంది. బ్రౌన్ పండితులకు జీతం ముట్టింది. ఈనాటి రివ్యూయర్లకు సాధారణంగా పైసా రాదు. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి రివ్యూలకు పట్టిన సమయం 10 కోట్ల గంటలు దాటిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఎడిటర్లలో రెండు రకాలున్నారు. యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ల్యాబ్ నడుపుతూ, మిగిలిన సమయంలో జర్నల్ పని చూసేవాళ్ళు ఒక రకం. ల్యాబ్ వదిలేసి పూర్తికాలం ఇదే ఉద్యోగం చేసేవాళ్ళు రెండో రకం. నేచర్, న్యూరాన్ లాంటి వాటిలో రెండో రకం వాళ్ళే ఉంటారు. మాస్టారి అమ్మాయీ ఆ కోవలోదే. ల్యాబ్ వదిలినవాళ్ళకు కొత్త పద్ధతులతో చేతి పరిచయం తగ్గిపోతుందని కొందరంటారు. ల్యాబ్ నడిపేవాళ్ళు పోటీదారుల పేపర్లపై తీర్పు చెప్పాల్సి రావడం అంతకన్నా ఇబ్బంది కదా అని ఇంకొందరంటారు. రెండూ నిజమే.

బోరుబావుల లెక్కతో మెదడు పరిశోధన కష్టం

ప్రచురణ గొడవలు అన్ని సైన్సుల్లోనూ ఉన్నాయి. మెదడు శాస్త్రంలో అవి ఎందుకు ముదిరాయో చెప్పడానికి అనంతపురం జిల్లా వాళ్ళకు బోరుబావుల కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వంద పొలాలున్నాయి. అందులో నిజంగా అడుగున నీళ్ళున్నవి పది. పాయింట్ పెట్టడానికి ఒక మిషన్ తెచ్చారు. అది బలహీనమైన మిషన్. నీళ్ళున్న చోట అయిదుసార్లకు ఒక్కసారే కనిపెడుతుంది. నీళ్ళు లేని చోట కూడా వందకు అయిదుసార్లు "ఉన్నాయి" అని పొరపాటుగా చూపిస్తుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. నీళ్ళున్న పదిలో అది పట్టుకునేవి రెండు. లేని తొంభైలో తప్పుగా చూపించేవి నాలుగున్నర. అంటే "ఇక్కడ నీళ్ళున్నాయి" అన్న ఆరేడు చోట్లలో నిజమైనవి రెండే. రైతు అప్పు చేసి బోరు వేయిస్తే, మూడింట రెండు బోర్లు ఫెయిల్.

అదే మిషన్ బలంగా ఉండి, నీళ్ళున్న పదిలో ఎనిమిదింటిని పట్టుకుంటే? ఎనిమిది నిజం, నాలుగున్నర తప్పు. మూడింట రెండు నిజమవుతాయి. మిషన్ బలం మారితే "ఉన్నాయి" అన్న మాట విలువే మారిపోయింది.

ఆ బలాన్నే గణాంకశాస్త్రంలో పవర్ అంటారు. ప్రయోగంలో మనుషులో ఎలుకలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి అది చాలావరకు మారుతుంది. మెదడు స్కాన్ ఖరీదైన పని కాబట్టి పదిహేను ఇరవై మందితో చేసిన అధ్యయనాలు ఈ రంగంలో కోకొల్లలు. న్యూరోసైన్స్ అధ్యయనాల పవర్ మధ్యస్థంగా 21 శాతం దగ్గర ఉందని 2013లో నేచర్ రివ్యూస్ న్యూరోసైన్స్‌లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. అంటే దాదాపు మన మొదటి మిషనే. మంచి ఊహల పాలు వందకు పదే అన్నది మాత్రం నేను ఉదాహరణ కోసం పెట్టుకున్న అంకె. అది ఎక్కువుంటే తప్పుల పాలు తగ్గుతుంది.

దీనికి ఇంకో సమస్య తోడవుతుంది. నీళ్ళు పడ్డ బోరు సంగతి ఊరంతా చెప్పుకుంటారు. ఎండిపోయిన బోరు సంగతి ఆ ఇంట్లోనే మిగిలిపోతుంది. జర్నళ్ళు కూడా "ఫలితం వచ్చింది" అన్న పేపర్లను ఇష్టపడ్డాయి, "ఏమీ కనబడలేదు" అన్నవాటిని పక్కన పెట్టాయి. స్కాలర్లకూ అది తెలుసు. ఏమీ తేలని ప్రయోగం రాయరు. తేలినట్టు కనబడేదాకా లెక్కను అటూ ఇటూ తిప్పి చూడాలన్న ఒత్తిడి కూడా మొదలవుతుంది.

ఈ ముడిని విప్పడానికి ముందుకొచ్చినవాళ్ళలో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ న్యూరోసైంటిస్ట్ క్రిస్ చాంబర్స్ ఒకరు. కార్టెక్స్ అనే జర్నల్‌లో ఎడిటర్‌గా ఉంటూ 2013లో రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అనే పద్ధతిని తెచ్చారు. ఇందులో ప్రయోగం చేయకముందే ప్రశ్న, పద్ధతి, లెక్క చేసే తీరు రాసి జర్నల్‌కు పంపాలి. రివ్యూ అప్పుడే జరుగుతుంది. పద్ధతి బాగుంటే, ఫలితం ఎలా వచ్చినా ప్రచురిస్తామని జర్నల్ ముందే మాట ఇస్తుంది. బోరు వేయకముందే పాయింట్ పెట్టిన పద్ధతిని పరీక్షించి, నీళ్ళు పడ్డా పడకపోయినా రికార్డులో రాస్తామన్నట్టు.

తేడా ఎంతో చూడండి. సైకాలజీ పేపర్లపై 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మామూలు పేపర్లలో మొదటి ఊహ నిజమైందని చెప్పినవి 96 శాతం. రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతమే. మొదటిసారి ఈ అంకెలు చదివినప్పుడు నేను చాలాసేపు మరో పని చేయలేకపోయాను. వందకు తొంభై ఆరు బోర్లలో నీళ్ళు పడ్డాయని ఎవరైనా చెబితే మన జిల్లాలో ఒక్క రైతూ నమ్మడు.

అయితే చాంబర్స్ దారికి అభ్యంతరాలూ ఉన్నాయి. సైన్స్‌లో చాలా కనుగోళ్ళు వెతుకుతూ పోతుంటే అనుకోకుండా దొరికినవే. అన్నీ ముందే రాయమంటే ఆ స్వేచ్ఛ పోతుందని కొందరి భయం. ఈ పద్ధతిలో ముందే చెప్పని విశ్లేషణను విడిగా, అది ముందు అనుకున్నది కాదని చెప్పి చేర్చవచ్చు కాబట్టి ఆ భయానికి కొంత జవాబు ఉంది. ఇంకో అభ్యంతరం నాకు మరింత బరువైనదిగా తోస్తుంది. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతున్న స్కాలర్, ప్రయోగం మొదలుపెట్టడానికే నెలల తరబడి జర్నల్ జవాబు కోసం కూర్చోవాలి. దాన్ని తట్టుకోవడం పెద్ద ల్యాబులకు సులువు, చిన్నవాటికి కష్టం.

అచ్చులో తప్పు ఉంటే రోగి దాకా వస్తుంది

మన వైపు మెదడు జబ్బు అనగానే "నిమ్హాన్స్‌కు తీసుకుపోండి" అంటారు. అనంతపురం, కర్నూలు, కడపల నుంచి మతిమరుపు ఉన్న అమ్మనో నాన్ననో తీసుకుని బెంగళూరు పోయివచ్చిన కుటుంబాలు ఎన్నో. అల్జీమర్స్‌కు మందు ఎప్పుడొస్తుందని వాళ్ళు అడిగే ప్రశ్నకూ జర్నల్ ఎడిటర్ టేబుల్‌కూ నేరుగా సంబంధం ఉంది.

2006లో నేచర్‌లో ఒక పేపర్ వచ్చింది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రోటీన్‌లో ఒక ప్రత్యేక రూపం ఎలుకల్లో జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని అది చెప్పింది. వేలాది పేపర్లు దాన్ని ఉదహరించాయి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ న్యూరాలజిస్ట్ మాథ్యూ ష్రాగ్ ఆ పేపర్‌లోని బొమ్మలు దిద్దినట్టున్నాయని గుర్తించారు. ఆ వివరాలు 2022లో సైన్స్ పత్రికలో బయటికొచ్చాయి. 2024లో పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. అచ్చయిన పద్దెనిమిదేళ్ళకు!

దీనివల్ల అల్జీమర్స్ పరిశోధన మొత్తం దారి తప్పిందని కొందరు రాశారు. అది ఎక్కువ చెప్పడమే. ఆ ప్రోటీనే జబ్బుకు మూలమన్న అమైలాయిడ్ సిద్ధాంతానికి అంతకుముందూ ఆ తర్వాతా వేరే ఆధారాలున్నాయి. ఈ పేపర్ చెప్పింది అందులో ఒక రూపం గురించి. కానీ ఆ ఒక్క రూపం వెంట పడి ఎంతమంది స్కాలర్లు ఏళ్ళు పోగొట్టుకున్నారో ఎవరు లెక్కపెట్టగలరు?

డబ్బు ఎవరు కట్టాలి

కర్నూలు రైతుకు చెబితే వెంటనే అర్థమయ్యే సంగతి ఇది. వడ్లు పండించింది మనం. దంచింది మనం. చివరికి బియ్యం కొనుక్కోవాల్సిందీ మనమే. ప్రజాధనంతో పరిశోధన జరుగుతుంది. పరిశోధకులు పేపర్ ఉచితంగా రాసిస్తారు, ఉచితంగా రివ్యూ చేస్తారు. ఆ పేపర్ చదవడానికి వాళ్ళ లైబ్రరీయే చందా కట్టాలి. ఇది చందా పద్ధతి. ప్రచురణకర్తల వైపు వాదన కూడా వినాలి. వేల పేపర్లు వడపోయడం, ఎడిటర్లకు జీతాలు, ఎన్నేళ్ళకైనా చెరిగిపోకుండా భద్రపరచడం ఖర్చుతో కూడిన పనులు.

మన ప్రభుత్వం ఎంచుకున్న దారి దేశమంతటికీ కలిపి ఒకే చందా. 2024 నవంబర్ 25న కేంద్ర క్యాబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్ళు, 6,300 ప్రభుత్వ సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఏడాదికి 2,000 కోట్లను 1.8 కోట్ల మందికి పంచితే మనిషికి దాదాపు 1,111 రూపాయలు. కడపలో పరిశోధన చేసే అమ్మాయికి ఢిల్లీ ఐఐటీలో దొరికే జర్నలే దొరకడం చిన్న విషయం కాదు. కానీ ఇది ప్రభుత్వ సంస్థలకే. మన మూడు ఊళ్ళ చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో పనిచేసేవాళ్ళకు ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

రెండో పద్ధతి ఓపెన్ యాక్సెస్. చదివేవాళ్ళు ఏమీ కట్టనక్కర్లేదు, చాలాచోట్ల ఆ ఖర్చు రాసినవాళ్ళ మీద పడుతుంది. ఆ రుసుమును ఏపీసీ అంటారు. న్యూరోఇమేజ్ అనే ప్రసిద్ధ జర్నల్ ఏపీసీ 2023లో 3,450 డాలర్లు. డాలర్‌ను 85 రూపాయలనుకుంటే 2,93,250 రూపాయలు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 వస్తుంది. దాదాపు ఎనిమిది నెలల ఫెలోషిప్ ఒక్క పేపర్‌కు! రుసుము మాఫీలు, సంస్థలు ఇచ్చే సాయం కొన్నిచోట్ల ఉంటాయి గానీ, అడగాల్సిన పరిస్థితి అడగాల్సిన పరిస్థితే.

ఆ జర్నల్ ఎడిటర్లే ఆ రుసుము ఎక్కువని వాదించారు. ఆక్స్‌ఫర్డ్‌లో మెదడు స్కాన్‌లపై పనిచేసే స్టీఫెన్ స్మిత్ అప్పట్లో దానికి ప్రధాన సంపాదకులు. రుసుమును 2,000 డాలర్ల లోపుకు తేవాలని అడిగారు. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ఒప్పుకోలేదు. నాణ్యతతో పోల్చి చూస్తే ఈ రంగంలో తమ రుసుము తక్కువేనని చెప్పింది. 2023 ఏప్రిల్‌లో నలభై మందికి పైగా ఎడిటర్లు ఒక్కసారిగా రాజీనామా చేసి, ఎంఐటీ ప్రెస్‌తో కలిసి ఇమేజింగ్ న్యూరోసైన్స్ అనే కొత్త జర్నల్ పెట్టారు. మొదట్లో దాని రుసుము 1,600 డాలర్లు. మన లెక్కలో 1,36,000. సగానికన్నా తగ్గింది, అయినా అనంతపురం స్కాలర్‌కు అదీ పెద్ద మొత్తమే.

న్యూరోసైంటిస్టులే ప్రచురణకర్తలు కావడం ఇది మొదటిసారి కాదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో హెన్రీ మార్క్రమ్, కమీలా మార్క్రమ్ అనే న్యూరోసైంటిస్ట్ దంపతులు 2007లో ఫ్రాంటియర్స్ పెట్టారు. నాడీకణాల మధ్య అనుసంధానం సంకేతాల సమయాన్ని బట్టి ఎలా బలపడుతుందో 1997లో చూపించిన శాస్త్రవేత్త ఆయన. కంప్యూటర్‌లో మెదడు నమూనా కట్టాలన్న బ్లూ బ్రెయిన్ ప్రాజెక్టును 2005లో మొదలుపెట్టిందీ ఆయనే. ఫ్రాంటియర్స్ న్యూరోసైన్స్‌తో మొదలై ఎన్నో రంగాలకు పాకింది. రివ్యూయర్ల పేర్లు పేపర్‌తో పాటు అచ్చు వేయడం లాంటి మంచి మార్పులు తెచ్చింది. దానివల్ల లక్షల పేపర్లు ఎవరైనా చదవగలిగారని మెచ్చుకునేవాళ్ళున్నారు. సంఖ్య పెరిగేకొద్దీ వడపోత పలచబడిందనే విమర్శ కూడా గట్టిగానే ఉంది. 2024లో దాని జర్నల్ ఒకదానిలో ఏఐతో గీసిన, అర్థంలేని ఎలుక బొమ్మ ఉన్న పేపర్ అచ్చయింది. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. పేపర్ ఒక్కింటికి ఆదాయం వచ్చే పద్ధతిలో, తిప్పి పంపే ప్రతి పేపర్ వల్లా ఆ ఆదాయం పోతుంది. శాస్త్రవేత్త నడిపినా, వ్యాపారి నడిపినా ఈ లాగుడు ఉండనే ఉంటుంది.

దొంగ జర్నళ్ళు, పోయిన కేర్ లిస్ట్

డబ్బు తీసుకుని రివ్యూ లేకుండానే అచ్చు వేసేవి ఈ పద్ధతికి వికృత రూపం. 2013లో ఒక విలేకరి, సైన్స్ పత్రిక కోసం, కొట్టొచ్చినట్టు కనబడే తప్పులున్న కల్పిత పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళకు పంపితే 157 ఒప్పుకున్నాయి. దేశాలవారీగా చూస్తే ఆ జర్నళ్ళలో అన్ని దేశాలకన్నా ఎక్కువ మన దేశం నుంచి నడిచేవేనని తేలడం బాధ కలిగించే నిజం.

యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్ళను తొలగించింది. ఆ తర్వాత కేర్ లిస్ట్ తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించి, నాణ్యత చూసుకునే కొలమానాలు మాత్రం సూచించింది. జాబితా ఉంటే దొంగలు అందులోకి దూరే దారి వెతుకుతారు, మంచి భారతీయ భాషా పత్రికలు బయట మిగిలిపోతాయి అన్నది తీసేయడానికి అనుకూలమైన వాదన. కొత్తగా చేరిన స్కాలర్‌కు ఎవరూ చెప్పేవాళ్ళు లేనప్పుడు ఆ జాబితాయే దిక్కు కదా అన్నది ఎదుటి వాదన. నేను రెండో వైపుకు కొంచెం మొగ్గుతాను. గైడ్ అనుభవజ్ఞుడైతే జాబితా అక్కర్లేదు. కానీ అందరికీ అలాంటి గైడ్ దొరకరు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకె

జాబితా లేనప్పుడు అందరి చూపూ ఒక అంకె మీద పడుతుంది. ఒక జర్నల్ 2023లో 40, 2024లో 60 పేపర్లు వేసిందనుకుందాం. ఆ వంద పేపర్లను 2025లో ఇతరులు 400 సార్లు ఉదహరిస్తే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 400ను 100తో భాగిస్తే వచ్చే 4. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 400లో 250 ఒక్క పేపర్‌కే వచ్చి ఉండొచ్చు. అప్పుడు మిగిలిన తొంభై తొమ్మిదికి సగటున ఒకటిన్నరే. అయినా వంద పేపర్ల నుదుటా 4 అనే రాసి ఉంటుంది.

ఈ అంకెకే ఎదురు నిలిచిన జర్నల్ ఈలైఫ్. హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్, వెల్‌కమ్ ట్రస్ట్, మాక్స్ ప్లాంక్ సొసైటీ కలిసి 2012లో మొదలుపెట్టిన ఈ జర్నల్‌లో న్యూరోసైన్స్ పేపర్లు చాలా ఎక్కువ. 2023 నుంచి అది కొత్త దారి పట్టింది. రివ్యూకు తీసుకున్న పేపర్‌ను ఆ తర్వాత తిరస్కరించదు. రివ్యూలతో సహా బయటపెట్టి, ఆధారాలు బలంగా ఉన్నాయో, అసంపూర్తిగా ఉన్నాయో ఎడిటర్ల మాటగా రాస్తుంది. చదివేవాళ్ళు తామే తూచుకోవచ్చన్నది దాని నమ్మకం. బలహీనమైన పేపర్లకు కూడా జర్నల్ ముద్ర పడుతుందన్నది విమర్శకుల మాట. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చే క్లారివేట్ సంస్థ, తమ ప్రమాణాలకు ఇది సరిపోదని, 2025 నుంచి ఈలైఫ్‌కు ఆ అంకె ఇవ్వడం మానేసింది. అంతకుముందు అది ఆరుకు పైన ఉండేది.

ఇక్కడికి వచ్చేసరికి మాస్టారు కాగితం, పెన్ను తీసుకున్నారు. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకులకు రీసెర్చ్ స్కోరు పట్టిక ఉంది. సైన్స్ పేపర్‌కు 8 పాయింట్లు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5 నుంచి 10 మధ్య ఉంటే అదనంగా 25. రివ్యూ ఉన్నా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని జర్నల్ అయితే అదనంగా 5 మాత్రమే. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయాలంటే 75 కావాలి. ఈ స్కోర్ల పద్ధతినే పక్కన పెడదామని 2025 జనవరిలో ఒక ముసాయిదా వచ్చింది. 2018 పట్టిక ప్రకారమైతే, ఈలైఫ్‌లో ఒక్కరే రాసిన పేపర్‌కు ముందు 33 వచ్చేవి. ఇప్పుడు 13.

మాస్టారు రెండు అంకెలూ పక్కపక్కన రాసి, కింద గీత గీసి, తీసివేసి 20 అని వేశారు. "పేపర్ అదే కదా సార్? దాన్ని చదివి తూచినోళ్ళూ వాళ్ళే కదా?" అని అడిగారు. అవునన్నాను. ఆ కాగితాన్ని ఫోటో తీసి కూతురికి పంపారు.